ఒక సాసర్ గాలి

నవ్వించమని పిలిచిన చోట అరిచి వచ్చాను. పోయిన నెలలో ఊరి చివర ఒక మందుల ఫ్యాక్టరీ వాళ్ళు భద్రతా వారోత్సవాలకు ముఖ్య అతిథిగా రమ్మన్నారు. మామూలుగా అలాంటి వాటికి ఎవరో ఒక అధికారిని పిలుస్తారు. ఆయన మాట్లాడుతుంటే జనం నిద్రపోతారు, నిద్రపోయినవాళ్ళకు ప్రమాదాలు జరగవు కాబట్టి వారోత్సవం దిగ్విజయంగా ముగుస్తుంది. ఈసారి మార్పు ఉండాలని హాస్య రచయితను పట్టుకున్నారు. వెళ్ళగానే శాలువా కప్పారు. విప్పితే చిన్నపాటి పెళ్ళికి షామియానా అయ్యేంత శాలువా. ఉపన్యాసానికి ఇంకా టైముంది, ప్లాంటు చూడండి సార్ అని తిప్పారు. బాయిలర్ గది మాత్రం నేనే అడిగి మరీ వెళ్ళాను. గది పెళ్ళివారిల్లులా ఉంది. కింద గచ్చు మీద విస్తరి లేకుండా భోజనం చేయవచ్చు. గోడకు టీవీ అంత తెర, దాని మీద రంగురంగుల అంకెలు. అన్నీ బాగున్నాయి. బర్నర్ పెట్టె మీద ఒక ఎర్ర బటన్ ఉంటుంది. మంట దానంతటది ఆరిపోతే ఎందుకు ఆరిందో మనిషి వచ్చి చూసి, అప్పుడు నొక్కాల్సిన బటన్. ఎప్పుడూ నొక్కే ఉండేలా దాని సందులో ఒక అగ్గిపుల్ల దూర్చి ఉంది.

"ఇదేంది తమ్మీ?" అన్నాను అక్కడున్న ఆపరేటర్‌తో.

"మాటిమాటికి ఆరిపోతది సార్. ఊకె వచ్చి నొక్కుడు ఎవనితోని అయితది?" అన్నాడు, ఏదో కొత్త యంత్రం కనిపెట్టినవాడిలా నవ్వుతూ.

ఆ తరువాత వేదిక మీద నేనేం మాట్లాడానో నాకు సరిగ్గా గుర్తులేదు. అరిచానని మాత్రం తెలుసు. మైకు అక్కర్లేకుండా అరిచాను. మీరంతా పోతారని, గోడలు కూడా మిగలవని, ఆ అగ్గిపుల్ల పెట్టినవాడినీ దాన్ని చూసీ చూడనట్టు తిరిగిన ప్రతి ఇంజనీరునూ ఆ తెరకే వేలాడదీయాలని అరిచాను. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. హాస్య రచయిత కోపం నటిస్తున్నాడనుకున్నారు. నేను ఎంత గట్టిగా అరిస్తే అంత గట్టిగా చప్పట్లు కొట్టారు. చివర్లో వాళ్ళ మేనేజరు నా చేయి పట్టుకుని ఊపుతూ, మీ టైమింగ్ అద్భుతం సార్ అన్నాడు. ఆ కోపం ఇంటికొచ్చినా దిగలేదు, పడుకున్నా దిగలేదు. ఇన్నేళ్ళలో నేను దోమల మీద రాశాను, అత్తగార్ల మీద రాశాను, కరెంటు బిల్లు మీద నాలుగు సార్లు రాశాను. మా బాపు బాయిలర్ సర్టిఫికెట్ ఎట్లా పోయిందో, అందులో నా చేయి ఎంతుందో ఒక్క అక్షరం రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. నవ్వొస్తే నవ్వండి, చప్పట్లు మాత్రం వద్దు.

మా బాపు మల్లయ్య పురానాపూల్ దగ్గర ఒక నూలు అద్దకం కార్ఖానాలో బాయిలర్ అటెండెంట్. ఆ కార్ఖానా మూసీ గట్టునే ఉండేది. రంగునీళ్ళన్నీ నదిలోకే. ఆ రోజు ఏ రంగు నూలు నడుస్తోందో వంతెన మీద పోయే ఆటోవాళ్ళు కిందికి చూసి చెప్పేవారు. సోమవారం నల్లగా నీళ్ళలో దిగిన బర్రె బుధవారం గులాబీరంగులో పైకొచ్చిందని, దాని యజమాని గుర్తుపట్టలేక ఇంటికి తోలుకుపోలేదని మా వాడలో చెప్పుకునేవారు. నేనే చెప్పేవాడినేమో, గుర్తులేదు. రంగునీళ్ళు మరిగే కాగులకు ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి. ఆ బాయిలర్ రెండు ఏనుగులను ఒకదాని వెనక ఒకటి పడుకోబెట్టి ఇనుపరేకు చుట్టినట్టుండేది. దాని మూతికి బర్నర్. అది నల్లటి ఫర్నేస్ ఆయిల్‌ను పిచికారీ కొట్టి, గాలితో కలిపి మండించేది. ఆ యంత్రాన్ని సర్టిఫికెట్ ఉన్న మనిషే నడపాలని చట్టం. ఆ సర్టిఫికెట్ దబీర్‌పురా స్టేషన్ వెనక మా రెండు గదుల ఇంట్లో, ఫ్రేము కట్టి, నరసింహస్వామి పటం పక్కన ఉండేది. రైలు పోయినప్పుడల్లా స్వామీ సర్టిఫికెట్టూ కలిసి వణికేవి. దసరాకు అమ్మ స్వామికి ఒక బొట్టు పెడితే సర్టిఫికెట్‌కు రెండు పెట్టేది. ఏడో తరగతి దాటని మనిషికి సర్కారు ఇచ్చిన కాగితం అది. మా ఇంట్లో అన్నం ఉడికేదీ, బాపు వాడలో తలెత్తుకుని నడిచేదీ దాని మీదే.

బాపు ఒంటి నుంచి ఎప్పుడూ ఆ నూనె వాసన వచ్చేది. రెండు సబ్బులు అరగదీసినా పోయేది కాదు. మా దిండ్లు, మా పప్పుచారు, మా లెక్కల పుస్తకం, అన్నీ అదే వాసన. పని మాత్రం ఆయన సంగీతకారుడిలా చేసేవాడు. బర్నర్‌కు నూనె ఎక్కువై గాలి తక్కువైతే చిమ్నీ నల్లగా కక్కుతుంది, లోపల గొట్టాలకు మసి పడుతుంది. గాలి మరీ ఎక్కువైతే చిమ్నీ కడిగినట్టుంటుంది, కానీ కాచిన వేడంతా ఆకాశానికి పోతుంది. "పొగ కనపడీ కనపడనట్టు ఉండాలె బిడ్డా. కొత్త కోడలు నడిచినట్టు," అనేవాడు. ఎండాకాలం వస్తే ముక్కు పైకెత్తి, "గాలి పల్సబడ్డది," అని, గాలిరేకును ఒక వేలు వెడల్పు తెరిచేవాడు. చలికాలం మళ్ళీ మూసేవాడు. ఏ కాలానికి ఎంతో గుర్తుండడానికి లాడ్‌బజార్ పోయి రెండు గోళ్ళరంగు సీసాలు కొన్నాడు. ఎండాకాలం గీత ఎరుపు, చలికాలం గీత గులాబీ. అంగీ జేబులో ఆ సీసాలు అమ్మకు దొరికిన రోజు మా ఇంట్లో జరిగిన లొల్లి దబీర్‌పురా నుంచి మలక్‌పేట రేసుగుర్రాల దాకా వినపడింది.

"ఎవతికి కొన్నవ్? నిజం చెప్పు, ఎవతికి?"

"బాయిలర్‌కే. ఒట్టు."

"బాయిలర్ గోళ్ళకు రంగేసుకుంటదా? నాకు చెవుల పువ్వు పెడ్తున్నవా?"

చివరికి అమ్మను కార్ఖానాకు తీసుకుపోయి ఆ గీతలు చూపించాల్సి వచ్చింది. చూసింది. నమ్మింది. అయినా వారం రోజులు ఆ బాయిలర్‌ను సవతిని తిట్టినట్టే తిట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. బర్నర్ వెలిగించే ముందు ఒక నియమం ఉంది. లోపల పొయ్యిలో మునుపటి నూనె ఆవిరి కొంచెం నిలిచి ఉండవచ్చు. ముందు ఊరికే గాలి కొట్టి దాన్ని చిమ్నీలోంచి బయటికి తోసేయాలి, ఆ తరువాతే నిప్పు. తొందరపడి నిప్పు పెడితే నిలిచిన ఆవిరంతా ఒక్కసారే అంటుకుంటుంది. దీనికోసం బర్నర్ పెట్టెలో ఒక టైమర్ ఉండేది. ముందు గాలి, తరువాత నిప్పురవ్వ, ఆ తరువాత నూనె, అన్నీ వరసగా అదే నడిపేది. దానిలో పళ్ళచక్రం అరిగిపోయింది. కొత్తది వచ్చేదాకా అని బాపు మూడు బటన్లు పెట్టించాడు. గాలికి ఒకటి, రవ్వకు ఒకటి, నూనెకు ఒకటి. కొత్తది వచ్చేదాకా అన్న మాటను మన దేశంలో ఎంత దూరం లాగవచ్చో అంత దూరం లాగారు. మరి గాలి ఎంతసేపు కొట్టాలి? బాపుకు గడియారం లేదు. ఉన్నా ఆ గదిలో దాని అద్దానికి మసి పట్టేది. అందుకని ఆయన ఒక కొలత పెట్టాడు. గాలి బటన్ నొక్కి, ఇరానీ హోటల్ నుంచి కేతిలీలో తెచ్చిన చాయ్ సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ నిదానంగా తాగాలి. సాసర్ ఖాళీ అయితే పొయ్యి ఖాళీ అయినట్టు. అప్పుడు రవ్వ, అప్పుడు నూనె. రెండుసార్లు అంటుకోకపోతే మూడోసారి నొక్కకుండా మళ్ళీ గాలి, మళ్ళీ సాసర్. ఇది నేను చెప్తే పిట్టకథలా ఉంటుంది కానీ, ఏళ్ళ తరబడి ఆ బాయిలర్‌ను, దాని చుట్టూ ఉన్న మనుషులను కాపాడింది ఆ సాసరే.

బాపు కింద పనిచేసే యూసుఫ్ చాచాకు సర్టిఫికెట్ లేదు. నాంపల్లి పక్కన టాంగా చక్రాలకు పట్టీలేస్తూ బతికిన మనిషి. మా ఇంటికి మూడు గల్లీల అవతలే ఉండేవాడు. బాపును ఉస్తాద్ అని పిలిచేవాడు. ఆయనకు బాపు పనంతా నేర్పాడు, ఎందుకో మాత్రం చెప్పలేదు. "చాయ్ తాగంది బాయిలర్ లేవది యూసుఫ్ భాయ్, గంతే," అనేవాడు. అదొక పరాచికంలా నడిచిపోయింది. కార్ఖానాలో అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాడిని. ఇక్కడే నాకు బాపు మీద ఇప్పటికీ మండుతుంది. ప్రాణం కాపాడే సంగతిని పరాచికంలో దాచిపెడతారా ఎవరైనా? యూసుఫ్ చాచా తెలివితక్కువవాడా? రెండు నిమిషాలు కూచోబెట్టి చెప్తే అర్థం కాకపోయేదా?

డిగ్రీ అయ్యాక అదే కార్ఖానా ఆఫీసులో నేను క్లర్కుగా చేరాను. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ రాస్తానని తీసుకున్నారు. కొత్త సామాను కావాలంటే ఎవరైనా సరే ఆఫీసుకు వచ్చి చెప్పాలి, నేను ఇండెంటు కాగితం రాసి సంతకం పెట్టించుకుని సేఠ్ టేబుల్ మీద పెట్టాలి. అందరూ అట్లాగే వచ్చేవారు, ఒక్క బాపు తప్ప. కొడుకే క్లర్కు అయ్యాక మెట్లెక్కి ఆఫీసుకు రావడం ఎందుకనుకున్నాడు. అన్నం తింటూ చెప్పేవాడు. "బిడ్డా, గా టైమర్ ముచ్చట జర రాసి పెట్టు రేపు." నేను పచ్చిపులుసు కలుపుకుంటూ, "రాస్త తియ్ బాపు," అనేవాడిని. మళ్ళీ నాలుగు రోజులకు, "రాసినవా?" "రాస్త అన్న కద." కార్ఖానాలో పనిచేసేవాడు అడిగితే అది ఇండెంటు. బాపు అడిగితే అది, గోడకు మేకు కొట్టురా అన్నట్టు, నల్లా చూడరా అన్నట్టు ఇంటిపని. నేను ఒక్కసారి కూడా రాయలేదు. ఒక్కసారి కూడా! అదే చేత్తో ఆఫీసులో పనిలేనప్పుడు మా హెడ్ క్లర్కు ముక్కు మీద పన్నెండు పద్యాలు రాశాను.

అంతలో పెద్ద సేఠ్ మంచం పట్టి, చిన్న సేఠ్ వచ్చాడు. బొంబాయిలో చదివాడు. మెడలో ఒక స్టాప్‌వాచీ వేలాడేది. ఆయన దేన్నైనా కొలిచేవాడు. రంగు కాగు దగ్గర మనిషి ఎన్నిసార్లు గోక్కున్నాడో కూడా కొలిచేవాడు. మెషీన్ ఎంతసేపు ఖాళీగా ఉంది, మనిషి ఎంతసేపు ఖాళీగా ఉన్నాడు, ఇదే పని. ఒకరోజు బాయిలర్ గదికి పోయి, బ్లోయర్ నడుస్తుంటే ఇద్దరు మనుషులు చాయ్ ఊదుకుంటూ కూచోవడం చూశాడు. పొద్దున్నే ఆవిరి ఆలస్యం అవుతున్నది ఇందుకే కదా అనుకున్నాడు. నేరుగా నా టేబుల్ దగ్గరికి వచ్చి, "రైటర్ సాబ్, బాయిలర్ రూంలో చాయ్ బంద్. నోటీస్ పెట్టు," అన్నాడు. ఒక్క వాక్యం చాలు. నేను ఒక్క వాక్యంతో సరిపెట్టుకునే మనిషినా? చాయ్, సాసర్, కేతిలీ, ఉస్మానియా బిస్కట్, వాటి బంధుమిత్రులతో సహా బాయిలర్ గదిలోకి ప్రవేశించరాదని, ప్రవేశించిన ఎడల చట్టరీత్యా శిక్షార్హులని, మూడు భాషల్లో, రంగుపెన్సిల్‌తో అంచు గీసి మరీ రాశాను. ఆఫీసంతా చదివి పడిపడి నవ్వింది. బాపు వచ్చి దాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"నువ్వే రాసినవా?"

"హా బాపు. చిన్న సేఠ్ రాయమన్నడు."

"గిది మాత్రం జల్దిన రాసినవ్ పో," అన్నాడు.

టైమర్ కాగితం గురించి అంటున్నాడని అప్పుడైనా నాకు తట్టలేదు. కొడుకును ఆడిపోసుకుంటున్నాడనుకున్నాను. మర్నాటి నుంచి బాపు ఒట్టి అరచేతిని సాసర్‌లా పట్టుకుని, దాన్ని ఊదుతూ, జుర్రుతూ, లేని చాయ్ తాగేవాడు. ఆఖర్న మూతి కూడా తుడుచుకునేవాడు. అంతసేపూ గాలి నడిచేది. చిన్న సేఠ్ అది చూసి గింజుకున్నాడు, కానీ లేని చాయ్‌ను బంద్ చేసే నోటీసు ఎట్లా రాయాలో ఆయనకూ తెలియలేదు.

ఆ రోజు పొద్దున నూనె ట్యాంకర్ వచ్చింది. నూనెలో నీళ్ళు కలిశాయేమో చూడడానికి బాపు గేటు దగ్గరికి పోతూ, "యూసుఫ్ భాయ్, గాలి పెట్టుండు, నేనొస్త," అని చెప్పి వెళ్ళాడు. ఇంతలో చిన్న సేఠ్ స్టాప్‌వాచీతో దిగాడు. ఆవిరేదీ అన్నాడు. నిలబడి వాచీ నొక్కాడు. చాచా గాలి బటన్ నొక్కాడు. ఇక లేని చాయ్ తాగాలి. సూటు వేసుకున్న సేఠ్ కళ్ళార్పకుండా చూస్తుంటే, నలభై దాటిన మనిషి, నలుగురు పిల్లల తండ్రి, ఒట్టి చేతిని ఊదుతూ ఎట్లా నిలబడతాడు? సిగ్గుపడ్డాడు. తరువాత ఆయనే నాకు చెప్పాడు, సిగ్గేసింది బేటా అని. ఊదలేదు. రవ్వ, నూనె, వెంటవెంటనే నొక్కాడు. కొత్త నూనె సరిగ్గా వేడెక్కలేదు, అంటుకోలేదు. మళ్ళీ నొక్కాడు, అంటుకోలేదు. "దబావ్, దబావ్, ఔర్ ఏక్ బార్," అని ఇంకోసారి నొక్కమన్నాడు చిన్న సేఠ్. చాచా వంగి, మంట చూసే చిన్న అద్దం దగ్గర ముఖం పెట్టి, మూడోసారి నొక్కాడు.

ఆఫీసులో నా సిరాబుడ్డి ఎగిరి పడింది. బాయిలర్ మూతి తలుపు ఊడి గోడకు గుద్దుకుంది. చిమ్నీ మసి అంతా ఒక్క గంపలా లేచి, మూసీ అవతల ఆరేసిన చీరెల మీద దిగింది. ఇందులో నేను పెంచిందేమీ లేదు, కావాలంటే సగం చేసి చెప్పాను. దూరంగా నిలబడ్డ చిన్న సేఠ్‌కు మీసం సగం కాలింది. యూసుఫ్ చాచాకు కుడిచెంప, మెడ, మోచేతి దాకా చేయి కాలిపోయాయి. బాపు గేటు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి, ముందు నూనె వాల్వు కట్టేసి, తరువాత ఆయన్ను ఎత్తుకున్నాడు. పెద్దాసుపత్రికి పోయే ఆటోలో చాచా పదేపదే ఒకటే మాట అడిగాడట: "ఉస్తాద్, చాయ్ తాగలేదని గింత కోపమా దానికి?"

విచారణ ఆఫీసులోనే జరిగింది. వచ్చిన బాయిలర్ ఇన్‌స్పెక్టర్ కోస్తావైపు మనిషి, నెమ్మదస్తుడు, బాపును మీరు అనే మాట్లాడాడు. వాంగ్మూలాలు రాయడానికి నన్నే కూచోబెట్టారు. దస్తూరి బాగుంటుందని. చిన్న సేఠ్ సగం మీసానికి రుమాలు అడ్డం పెట్టుకుని, "టైమర్ పాడైందని మాకు ఎవ్వరూ చెప్పలేదు సార్. వీళ్ళే సొంతంగా బటన్లు పెట్టుకుని ఆటలాడారు," అన్నాడు. ఒళ్ళు మండే సంగతేమిటంటే, అది నిజం. ఫైలులో ఒక్క కాగితం లేదు. కాగితం ఉంటే తప్పు యాజమాన్యానిది. లేకపోతే సర్టిఫికెట్ ఉన్నవాడిది.

"మల్లయ్యగారూ, కొత్త టైమర్ కావాలని మీరు లిఖితపూర్వకంగా అడిగారా?"

"లేదు సార్. నోటితోని చెప్పిన."

"ఎన్నిసార్లు?"

"మస్తు సార్లు."

"ఎవరికి చెప్పారు?"

బాపు నావైపు చూడలేదు. టేబుల్ మీద దేన్నీ చూడలేదు. కిటికీలోంచి చిమ్నీని చూశాడు. "యాదికి లేదు సార్," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ నావైపు తిరిగి, రాసుకోండి అన్నాడు. నేను లేచి, నాకే చెప్పాడు సార్ అనాలి. నాలుక లోపలే ఉంది, పోలేదు. నోరు కూడా తెరిచే ఉంది. "ఎవరికి చెప్పినదీ గుర్తు లేదని అటెండెంట్ తెలిపినాడు" అని రాశాను. గుండ్రటి అక్షరాలతో రాశాను. ఒక్క కొట్టివేత లేదు. ఆ కాగితం మీదే బాపు సర్టిఫికెట్ రద్దయింది. మనుషులు పిరికివాళ్ళవడానికి ఎంతసేపు పడుతుందో చిన్న సేఠ్ తన వాచీతో కొలిచి ఉంటే అప్పుడు ఒక మంచి లెక్క దొరికి ఉండేది.

సాయంత్రం ఇద్దరం పురానాపూల్ నుంచి ఇంటిదాకా నడిచే వచ్చాం. మీర్‌ఆలం మండీ దాటాం. అక్కడ నేను ఆగి, "బాపు, నా పేరెందుకు చెప్పలే? నన్ను కాపాడెతందుకా?" అన్నాను. కన్నీళ్ళు కూడా తయారుగా పెట్టుకున్నాను.

బాపు రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. ఆయన అంత కోపంగా ఉండడం నేను ముందూ చూడలేదు, తరువాతా చూడలేదు.

"నిన్ను కాపాడుడా? నువ్వెవనివిరా నడిమిట్ల? బాయిలర్ నాది. దస్కత్ నాది. కాయితం రాయలేదని నాకు ఎరికే, గా బటన్లు పెట్టింది నేను. యూసుఫ్‌కు అసలు ముచ్చట చెప్పనిది నేను. ఆని చెయ్యి నా లెక్కల కాలింది. గండ్ల నీకు వాటా ఇయ్య! ఎంత ఏడ్చినా ఇయ్య!" ఆటోవాడు హారన్ కొడుతున్నా కదల్లేదు. "ఇన్‌స్పెక్టర్ గాడు ఏం రాసుకుంటే నాకేంది. గని యూసుఫ్‌కు తెల్వాలె. ఆదివారం పోయి నువ్వే చెప్పు. నేనుగిట చెప్పిన్నంటే తప్పు కొడుకు మీదికి నూకుతున్న అనుకుంటడు. బాపు అడిగిండు, నేను రాయలే అని, నీ నోటితోని చెప్పు."

సర్టిఫికెట్ లేని అటెండెంట్‌ను ఎవడు పెట్టుకుంటాడు? బాపు దబీర్‌పురాలో కిరోసిన్ స్టవ్‌లు బాగుచేసే దుకాణంలో కూచున్నాడు. రెండు ఏనుగులను ఆడించిన మనిషి, పిల్లి కూడా వెచ్చబడని స్టవ్‌ల వత్తులు కత్తిరించాడు. ఇప్పటి తెరలు, ఇప్పటి పెట్టెలు చూసినప్పుడల్లా అనుకుంటాను, అప్పుడు మా దగ్గర యంత్రం పాడైతే మనిషి దాని పని తన మీద వేసుకున్నాడు, ఇప్పుడు యంత్రం బాగుంటే మనిషి దాన్ని అగ్గిపుల్లతో పాడుచేస్తున్నాడు. తేడా ఎంతో ఉందనిపిస్తుంది. కాసేపటికి ఏ తేడా లేదనిపిస్తుంది. అప్పుడు ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు ఎందుకని ఎవరూ అడగడం లేదు.

ఆ ఆదివారం పొద్దున, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన యూసుఫ్ చాచా ఇంటికి పోయాను. మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. కుడివైపంతా కట్టు, అందులోంచి ఒక కన్ను, సగం మూతి. "ఆ బేటా, ఆ, కూచో," అన్నాడు. కూచున్నాను. మొదలుపెట్టాను. నా నోట్లోంచి వచ్చింది ఏమిటంటే, చిన్న సేఠ్ సగం మీసం కథ. మిగిలిన సగం గొరిగించుకోవాలా, కాలిన సగం పెంచాలా తేల్చుకోలేక ఆయన ఎడమవైపు మనుషులతోనే మాట్లాడుతున్నాడని, అద్దాన్ని కూడా పక్క నుంచే చూస్తున్నాడని చెప్పాను. చాచా నవ్వాడు. నవ్వి, చెంప పట్టుకుని మూలిగాడు. "నక్కో రే, నవ్విపియ్యకు... తోలు గుంజుతది." నేను ఇంకోటి చెప్పాను. మళ్ళీ నవ్వాడు, కంట్లోంచి నీళ్ళు కారాయి. లోపలి నుంచి చాచా భార్య పరుగున వచ్చింది. "డాక్టర్ నవ్వద్దన్నడు, నువ్వు నవ్విపిస్తున్నవా? అక్కల్ ఉందా నీకు? లే, ఇంటికి పో!"

"ఏమన్న చెప్పెతందుకు వచ్చినవా బేటా?" అన్నాడు చాచా, నేను చెప్పులేసుకుంటుంటే.

"ఏం లేదు చాచా. ఊకెనే."

ఇంటి గుమ్మంలో బాపు నిలబడి ఉన్నాడు. "చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమన్నడు?"

రచయితగా నేను రాసిన మొదటి కల్పన అక్కడే పుట్టింది. "పోనీ తియ్ బేటా, మీ బాపుకు చెప్పు, నా దిల్‌ల ఏం లేదు అన్నడు," అన్నాను. బాపు అటు తిరిగి, చాలాసేపు ముఖం కడుక్కున్నాడు.

ఆ తరువాత బాపు బతికినన్నాళ్ళూ యూసుఫ్ చాచాను నెత్తిన పెట్టుకున్నాడు. మా ఇంట్లో ఏది వండినా ముందు గిన్నె అటే పోయేది. "తెలిసి కూడా ఒక్క మాట అనలే. గసొంటి మనిషి ఏడ దొరుకుతడు," అనేవాడు వచ్చినవాళ్ళందరితో. చాచాకు మాత్రం ఉస్తాద్‌కు ఇంత ప్రేమ ఎందుకొచ్చిందో అర్థమయ్యేది కాదు. బాపు మంచం పట్టినప్పుడు రోజూ వచ్చి కూచునేవాడు. ఒకరోజు నేను అక్కడే ఉండగా బాపు ఆయన కాలిన చేతిని పట్టుకున్నాడు. "యూసుఫ్ భాయ్, అప్పుడు మావోణ్ణి మాఫ్ చేసినవు సూడు, గది నేను మర్వ."

చాచా నావైపు చూశాడు. ఒక్క క్షణం. నా ముఖంలో ఏం కనిపించిందో ఏమో.

"హౌ ఉస్తాద్," అన్నాడు. "ఎప్పుడో చేసిన."

దేనికో తెలియకుండానే అన్నాడు. బయటికొచ్చాక గల్లీ చివరిదాకా ఇద్దరం కలిసి నడిచాం. అడుగుతాడని చూశాను. అడగలేదు. బాపు పోయాడు. చాచా ఉన్నాడు, అదే ఇంట్లో ఉన్నాడు. బాపు మీద, చిన్న సేఠ్ మీద, నా మీద ఉన్న కోపమంతా కుప్ప పోసినా, ఆయన మీద నాకున్న కోపం ముందు చాలదు. మొన్న శుక్రవారం కూడా కలిశాడు. మోకాళ్ళ నొప్పి గురించి అరగంట చెప్పాడు, మనవడి పరీక్షల గురించి ఇంకో అరగంట చెప్పాడు, నాకు బీపీ ఎంతుందో అడిగాడు. ఆ రోజు దేనికి మాఫ్ చేశానన్నాడో, అది మాత్రం అడగలేదు.